పొగమంచు రోజున విమానాన్ని నేలమీద ఆపాలా, గాలిలో తిప్పాలా?

ఢిల్లీలో పొగమంచు ఉందని తనను శంషాబాద్‌లోనే విమానంలో గంటన్నర కూర్చోబెట్టారని, బయలుదేరి వెళ్లి అక్కడే ఆకాశంలో ఆగవచ్చు కదా అని ఒక ప్రయాణికుడు అడిగారు. ఒక విమాన సంస్థలో ఆరేళ్లు డిస్పాచర్‌గా, అంటే విమానాల దారి, ఇంధనం లెక్కలు చూసే ఉద్యోగిగా పనిచేశాను. జనవరి వస్తే ఈ ప్రశ్న వినని రోజు ఉండేది కాదు.

ముందు ఇంధనం సంగతి. హోల్డింగ్ అంటే దిగే వంతు వచ్చేదాకా గాలిలో గానుగెద్దులా తిరగడమే, చుట్టుకు 4 నిమిషాలు. ఏ320 విమానం అలా తిరిగితే నిమిషానికి దాదాపు 40 కిలోల ఇంధనం ఖర్చు. నేలమీద ఇంజన్లు ఆపి, కరెంటు, ఏసీ ఇచ్చే తోకలోని చిన్న ఇంజన్ ఏపీయూ ఒక్కటే నడిపితే నిమిషానికి 2 కిలోలతో సరిపోతుంది.

అందుకే వసంత్ కుంజ్‌లో ఉన్న ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కేంద్రం, ఢిల్లీలో గంటకు ఎన్ని దిగగలవో అంచనా వేసి, అక్కడి నుంచి వెనక్కి లెక్కకట్టి ఒక్కో విమానానికి టేకాఫ్ సమయం ఇస్తుంది. దాన్ని సీటీఓటీ (లెక్కకట్టిన టేకాఫ్ సమయం) అంటాం. చిక్కల్లా ఆ అంచనాతోనే. ఒకరోజు మంచు అనుకున్నదానికంటే ముందే విడిపోయింది. రన్‌వే సిద్ధంగా ఉంది, మా విమానం మాత్రం ఇంకా రెండు గంటల దూరంలో, హైదరాబాద్‌లోనే ఉంది. అప్పటికే పైన తిరుగుతున్నవి హాయిగా దిగాయి. మరోరోజు అలా తిరిగిన మా విమానమే జైపూర్‌కు మళ్లింది. కెప్టెన్ ఫోన్ చేసి ముందుగా అడిగింది ఇంధనం ట్యాంకరు గురించే. తన ముందు వరుసలో తొమ్మిది విమానాలున్నాయట!

దారిలోనే వేగం తగ్గించడం మరో పద్ధతి. లండన్ హీత్రోకు వచ్చే విమానాలను 2014 నుంచి 350 నాటికల్ మైళ్ల దూరంలోనే నెమ్మదింపజేస్తున్నారు. దానితో కలిసొచ్చేది కొద్ది నిమిషాలే, గంటన్నర ఆలస్యం దానికి లొంగదు. విమానాల మధ్య ఇన్ని మైళ్ల ఎడం ఉండాలనే పద్ధతి అమలుకు సులువే కానీ, ఆలస్యం వెనకున్న ప్రతి సెక్టారుకూ (ఒక్కో కంట్రోలర్ చూసే ఆకాశ భాగానికీ) పాకుతుంది. నాకు అది ఎప్పుడూ నచ్చలేదు.

నన్నడిగితే రన్‌వే ఖాళీ పోకుండా మూడు నాలుగు విమానాలు పైన ఉండాలి, మిగిలినవి నేలమీద ఆగాలి.

తలుపులు వేసి కూర్చోబెట్టడానికీ కారణం ఉంది. ఒకసారి జాలిపడి ప్రయాణికులను టెర్మినల్‌కు పంపమన్నాను. పావుగంటకే మా టేకాఫ్ సమయం మారి, 25 నిమిషాలు ముందే బయలుదేరవచ్చన్నారు. ఇద్దరు ప్రయాణికులు కాఫీ కౌంటరు దగ్గర దొరికేసరికి ఆ సమయం కాస్తా చేజారింది.