సే, టెల్ తేడా మన ‘అను’, ‘చెప్పు’ల్లోనే ఉంది

సే, టెల్, స్పీక్, టాక్ నాలుగూ ఒకేలా అనిపిస్తున్నాయి, ఎప్పుడు ఏది వాడాలి అని అడిగారు.

కొంతకాలం సాయంత్రాలు డిగ్రీ పిల్లలకి స్పోకెన్ ఇంగ్లీష్ చెప్పాను. అందరూ తడబడేది మొదటి రెండింటి దగ్గరే. "హి సెడ్ మీ", "హి టోల్డ్ టు మీ" రెండూ తప్పే, కానీ ఇంటర్వ్యూల్లో కూడా ధారాళంగా వినిపిస్తాయి. ఆబ్జెక్ట్, ప్రిపొజిషన్ అంటూ మొదలుపెడితే సగం మంది ఫోన్లు తీస్తారు, అందుకని నేను తెలుగులోంచే మొదలుపెట్టేవాణ్ణి.

"రేపు వస్తానన్నాడు" అంటే ముఖ్యం ఆ మాట, ఎవరితో అన్నాడో లేకపోయినా లోటు లేదు. అది సే. "నాకు చెప్పాడు" అంటే వినేవాళ్లు ఉండాలి, అది టెల్. "అమ్మతో అన్నాడు"లో ‘తో’ ఉంది కదా, సేకి కూడా అక్కడ టు పడుతుంది: "హి సెడ్ టు హిజ్ మదర్". చిక్కంతా "నాకు చెప్పాడు"లో ఉన్న ‘కు’తోనే, దాన్ని చూసి టెల్ పక్కన కూడా టు తగిలిస్తాం. అక్కర్లేదు, "హి టోల్డ్ మీ", అంతే.

కథ, జోకు, నిజం, అబద్ధం మనం చెప్తాం, "కథ అన్నాడు" అనం. ఇంగ్లీషులోనూ ఇవన్నీ టెల్లే, జోస్యం చెప్పేవాళ్లు కూడా ఫార్చ్యూన్ టెల్లర్లే. (బ్యాంకు టెల్లర్ వేరు. టెల్‌కి పాతకాలంలో లెక్కపెట్టడం అనే అర్థం ఉండేది, ఆ పేరు అక్కణ్ణుంచి వచ్చింది.)

అయితే అన్నిచోట్లా ఈ లెక్క కుదరదు. సారీ, థాంక్స్, హలో మనం ‘చెప్తాం’, ఇంగ్లీషులో మాత్రం సే. ఏ బర్త్‌డే పార్టీకి వెళ్లినా "టెల్ థాంక్స్ టు అంకుల్" అని పిల్లాణ్ణి ముందుకి తోసే అమ్మానాన్నలు కనిపిస్తారు. "సే థాంక్స్" అనాలి, ఎందుకంటే వాడి నోట్లోంచి రావాల్సింది అచ్చంగా ఆ మాటే.

స్పీక్, టాక్‌తో పెద్ద గొడవ లేదు. భాషకి స్పీక్, పిచ్చాపాటికి టాక్, ఫోన్లో కాస్త మర్యాదగా అడగాలంటే "మే ఐ స్పీక్ టు...". మిగతా చాలాచోట్ల ఏది వాడినా నడుస్తుంది.

మీరు ప్రశ్న చివర "ప్లీజ్ ఎక్స్‌ప్లెయిన్ మీ" అని రాశారు. ఎక్స్‌ప్లెయిన్, సజెస్ట్ రెండూ సే దారిలోనే నడుస్తాయి, మనిషి ముందు టు ఉండాల్సిందే: "ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మీ".