గడియారం పిత్రార్జితమా, ఆనవాలా?

సందేహం: మా తాతగారి జేబు గడియారం నాకు దక్కింది. దాన్ని గురించి రాస్తూ ‘పితృార్జితం’ అన్నాను. అది తప్పనీ, ‘జ్ఞాపిక’ అనాలనీ మిత్రుడు అంటున్నాడు. వెనక మూత లోపల తాతగారివి కాని పొడి అక్షరాలు, ఎవరో గీసిన అంకెలు ఉన్నాయి. ఏ మాట వాడాలి?

సమాధానం: పితృ, ఆర్జితం కలిసినప్పుడు ఋకారానికి అచ్చు పరమై యణాదేశం (ఋ స్థానంలో ‘ర్’) వస్తుంది కనుక ‘పిత్రార్జితం’ అని రాయాలి, ‘పిత్రాజ్ఞ’ అన్న మాటా ఇలాగే ఏర్పడింది. తాత సొత్తుకు ఈ మాట చెల్లుతుందా అన్న శంక అక్కరలేదు. పితృదేవతలు అన్నప్పుడు తండ్రిని ఒక్కరినే తలచుకోము గదా! చిక్కంతా ‘ఆర్జితం’ దగ్గరే ఉంది. ఆర్జించడమంటే సంపాదించడం. మూత లోపలి పొడి అక్షరాలు మరొకరివైనప్పుడు, ఆ గడియారాన్ని తాతగారు కొనుక్కున్నారో, స్నేహితులెవరైనా ఇచ్చారో, బాకీ కింద చేతికి వచ్చిందో తేలకుండా ఆ మాట వాడటం తొందరపాటే అవుతుంది. పైగా వ్యవహారంలో దానికి ఆస్తి పంపకాల వాసన అంటుకుని ఉంది. (అంకెల సంగతి వేరు. మరమ్మతుకు వచ్చిన గడియారాన్ని గుర్తుపట్టడానికి పనివారు మూత లోపల సన్నగా గీసుకోవడం పాత అలవాటు. ఇవీ అవే కావచ్చు.)

మీ మిత్రుడు చెప్పిన ‘జ్ఞాపిక’ నేడు సన్మాన సభల్లో చేతికిచ్చే ఫలకానికి స్థిరపడిపోయింది. గుర్తుంచుకోవాలన్న ఉద్దేశంతో ఒకరు ఇచ్చేది జ్ఞాపిక. తాతగారు రోజూ తాళం తిప్పి వాడుకున్న వస్తువుకు అది అతకదు. ‘వారసత్వ వస్తువు’ తప్పు కాదు. అరబీ మూలమైన ‘వారసు’కు సంస్కృత ప్రత్యయం చేర్చిన మాట కదా అని కొందరు ముఖం చిట్లిస్తారు గాని, భాషలో అది ఎప్పుడో ఇంటిమాట అయింది.

నా మొగ్గు ‘ఆనవాలు’ వైపు. ఎదుట లేని మనిషిని, మరుగున పడిన సంగతిని పోల్చుకోవడానికి ఆధారమైనది ఆనవాలు. అశోకవనంలో సీతకు హనుమంతుడు చూపిన ఉంగరం, ఆమె తిరిగి పంపిన చూడామణి అటువంటివే. వాటి వెల ఎంతని ఎవరూ అడగరు. మీ వ్యాసంలో మాత్రం ‘తాతగారి నుంచి సంక్రమించిన గడియారం’ అని మొదలుపెట్టండి. ‘సంక్రమించు’ రోగాలకే పరిమితమైన క్రియ కాదు. ఎవరు సంపాదించారన్న ప్రశ్నను అది తేల్చదు కనుక ఇక్కడ అదే క్షేమం. ఆ పొడి అక్షరాల మనిషి ఎవరో తెలిసి, ఆయనే ప్రేమతో ఇచ్చారని తేలిననాడు ‘తాతగారికి అందిన కానుక’ అని దిద్దుకోవచ్చు.