80 హెచ్‌డీ ఛానళ్ల ప్యాక్‌కు 12,650 కట్టేముందు

ప్రశ్న: మాది ఖమ్మం. మావారు రిటైరయ్యారు, పెన్షన్ మీదే ఇల్లు గడుస్తోంది. హాల్లో 43 అంగుళాల టీవీ, అత్తగారి గదిలో పాత 32 అంగుళాల టీవీ ఉన్నాయి. రెండింటికీ కలిపి డీటీహెచ్‌కు నెలకు 690 రూపాయలు కడుతున్నాం. ఈమధ్య హెచ్‌డీ ఛానళ్లు బాగా పెంచామని, రెండు టీవీలనూ 80 హెచ్‌డీ ఛానళ్లున్న ప్యాక్‌లోకి మార్చుకోమని వాళ్లు పదేపదే ఫోన్ చేస్తున్నారు. నెలకు 1,150 అవుతుందట. ఏడాదికి ఒకేసారి కడితే 11 నెలల డబ్బు, అంటే 12,650 చాలట. ఒక నెల డబ్బు మిగులుతుంది కదా అని మావారు అంటున్నారు. మేం చూసేది సాయంత్రం సీరియళ్లు, సినిమాలు, న్యూస్, ఐపీఎల్. అత్తగారికి ఈటీవీ, స్టార్ మా, ఒక భక్తి ఛానల్ ఉంటే చాలు. వచ్చే జూన్ నుంచి నాలుగు నెలలు డల్లాస్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటాం. అప్పుడు అత్తగారు మా మరిది ఇంట్లో ఉంటారు. కట్టేయమంటారా?

జవాబు: వద్దు. హాల్లో టీవీకి మాత్రం హెచ్‌డీ పెట్టించుకోండి, అది కూడా ప్యాక్‌గా కాకుండా చూసే ఛానళ్లు ఏరుకుని. అత్తగారి టీవీని ఎస్‌డీలోనే, అంటే మామూలు స్పష్టతలోనే ఉంచండి. అలా చేస్తే హెచ్‌డీ వచ్చాక కూడా మీ బిల్లు ఇప్పటి 690 కంటే తగ్గే అవకాశమే ఎక్కువ.

ముందు మీవారి లెక్క చూద్దాం. నెలకు 1,150తో పోల్చి చూస్తే 12,650లో ఒక నెల డబ్బు మిగిలినట్టే కనిపిస్తుంది. కానీ మీరు ఇప్పుడు ఏడాదికి కడుతున్నది 8,280. అంటే జేబులోంచి అదనంగా పోయేది 4,370. పైగా నాలుగు నెలలు ఇంటికి తాళం. ఎనిమిది నెలలు చూసినందుకు 12,650 కట్టినట్టు, నెలకు 1,581 పడుతుంది.

ఏడాది ఆఫర్ అసలు మంచిదే కాదని కాదు. నెలనెలా కట్టే డబ్బు ముందే ఇస్తే 12కు బదులు 11 నెలలకే తీసుకోవడమంటే, మీ డబ్బుకు ఏడాదికి 19 శాతానికి పైగా వడ్డీ ఇచ్చినట్టు. ఏ ఫిక్స్‌డ్ డిపాజిట్టూ అంత ఇవ్వదు. కాకపోతే ఆ లాభం రావాలంటే మూడు షరతులు కుదరాలి. 12 నెలలూ ఇంట్లో టీవీ చూడాలి, ఆఫర్ లేకపోయినా అదే ప్యాక్ కొనేవారై ఉండాలి, ఆ ఏడాది మధ్యలో ధర మారకూడదు. మొదటి రెండూ మీ విషయంలో కుదరవు. మూడోది వాళ్లనే అడగాలి: 'నేను కట్టేది ప్యాక్ ధరకా, లేక నా ఖాతాలో బ్యాలెన్స్‌గా ఉంటుందా?' బ్యాలెన్స్‌గా ఉంటే ఛానల్ ధర పెరిగిన రోజు నుంచి అది వేగంగా కరుగుతుంది, 12 నెలలు రాదు. డల్లాస్ నుంచి వచ్చాక, బిల్లు తగ్గించుకున్న తర్వాత, ఆ చిన్న బిల్లు మీద ఇదే ఆఫర్ ఇస్తే నిస్సంకోచంగా తీసుకోండి.

ఇక బిల్లులో ఏముంటుందో చూడండి. టెలికాం, టీవీ ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017లో తెచ్చిన టారిఫ్ నిబంధనలు 2019 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చాయి. అప్పటి నుంచి ప్రతి బిల్లులోనూ రెండు ముక్కలు. ఒకటి ఎన్‌సీఎఫ్, అంటే ఛానళ్లు చూసినా చూడకపోయినా కనెక్షన్ కోసం కట్టే నెలవారీ ఛార్జీ. రెండోది మీరు ఎంచుకున్న పే ఛానళ్ల ధర. ఈ రెండింటి మీదా 18 శాతం జీఎస్టీ. యాప్‌లో ఛానల్ పక్కన 19 అని కనిపిస్తే మీకు పడేది 22 రూపాయల 42 పైసలు. చాలామందికి బిల్లు అనుకున్నదానికంటే ఎక్కువ రావడానికి సగం కారణం ఇదే.

2020 సవరణలో 200 ఛానళ్ల దాకా ఎన్‌సీఎఫ్ 130 దాటకూడదనీ, అంతకు మించితే 160 దాటకూడదనీ పెట్టారు. ఇంట్లో రెండో టీవీకి మొదటి దాని ఎన్‌సీఎఫ్‌లో 40 శాతానికి మించి తీసుకోకూడదనీ అన్నారు. 2024 జులైలో ట్రాయ్ ఎన్‌సీఎఫ్ మీద ఆ పరిమితి ఎత్తేసి, ధర నిర్ణయం సంస్థలకే వదిలింది. కాబట్టి మీ రెండు కనెక్షన్లకూ ఇప్పుడు ఎన్‌సీఎఫ్ ఎంత వేస్తున్నారో యాప్‌లోని బిల్లు వివరాల్లో విడివిడిగా చూసుకోండి. కింద నేను పాత పరిమితుల ప్రకారం మొదటి టీవీకి 130, రెండో దానికి 52 అని వేస్తాను. మీ అంకెలు వేరైతే వాటినే వేసుకోండి.

ఛానళ్ల సంఖ్య పెరగడంలో మెలిక ఇక్కడే ఉంది. ఎన్‌సీఎఫ్ లెక్కలో ఒక హెచ్‌డీ ఛానల్ రెండు ఎస్‌డీ ఛానళ్లతో సమానం. 80 హెచ్‌డీ ఛానళ్లంటే 160. వాటికి ఉచిత ఛానళ్లు ఓ 60 కలిస్తే 220, అంటే 200 గీత దాటినట్టే. మీ సంస్థ ఇంకా పాత గీతలే పాటిస్తుంటే, చూడని ఛానళ్ల వల్ల ఎన్‌సీఎఫ్ కూడా పై శ్లాబుకు వెళ్తుంది. ఆ 80లో తెలుగువి ఎన్నో జాబితా తెప్పించుకుని చూస్తే మీకే తెలుస్తుంది. మిగతావి హిందీ, ఇంగ్లిష్, తమిళం, కార్టూన్లు, స్పోర్ట్స్. అమ్మేవాళ్లకు సంఖ్య ముఖ్యం. మీకు ముఖ్యమైనది రాత్రి ఏడు నుంచి పది మధ్య రిమోట్ ఎక్కడెక్కడ ఆగుతుందన్నది.

మీరు చెప్పినదాన్ని బట్టి హాల్లో టీవీకి స్టార్ మా హెచ్‌డీ, జీ తెలుగు హెచ్‌డీ, జెమినీ టీవీ హెచ్‌డీ, ఈటీవీ హెచ్‌డీ, సినిమాలకు స్టార్ మా మూవీస్ హెచ్‌డీ సరిపోతాయి. బొకేలో, అంటే కొన్ని ఛానళ్లు కలిపి ఒకే ధరకు అమ్మే కట్టలో పెట్టే ఏ ఛానల్ విడి ధరా 19 దాటకూడదని 2022 నవంబరు సవరణలో ఉంది. అందుకని అన్నింటికీ 19 చొప్పునే వేస్తున్నాను. అయిదు ఛానళ్లకు 95, ఎన్‌సీఎఫ్ 130, మొత్తం 225. జీఎస్టీతో 265 రూపాయల 50 పైసలు. అత్తగారి టీవీకి ఎన్‌సీఎఫ్ 52, ఈటీవీ, స్టార్ మా రెండూ ఎస్‌డీలో 38. జీఎస్టీతో 106 రూపాయల 20 పైసలు. భక్తి ఛానల్ ఎస్వీబీసీ అయితే దానికి ఛానల్ ధర లేదు, అది ఉచితం. రెండూ కలిపి 371 రూపాయల 70 పైసలు. ఐపీఎల్ నడిచే రెండు నెలలు హాల్ టీవీకి రెండు స్పోర్ట్స్ హెచ్‌డీ ఛానళ్లు తగిలిస్తే ఆ నెలల్లో బిల్లు 416 రూపాయల 54 పైసలు అవుతుంది. ఇంట్లోనే ఉండే ఏడాదికి వేసినా మొత్తం 4,550. ఇప్పటి 8,280లో ఇది సగం పైచిలుకు, వాళ్లు అడిగిన 12,650లో మూడో వంతు పైచిలుకు.

విడివిడిగా కొనడమే ఎప్పుడూ చవక అనుకోకండి. ఒకే సంస్థ ఛానళ్లు మూడు నాలుగు చూసేవాళ్లకు ఆ సంస్థ బొకేనే చవక పడొచ్చు, ఎందుకంటే విడి ధరల మొత్తం మీద 45 శాతం దాకా తగ్గించి బొకే అమ్మొచ్చు. మీ విషయంలో స్టార్ మా, స్టార్ మా మూవీస్ రెండూ ఒకే సంస్థవి. ఆ సంస్థ తెలుగు హెచ్‌డీ బొకే ధర 38కి దగ్గరలో ఉంటే బొకే తీసుకోండి, అందులో మీరు అడగని స్పోర్ట్స్ ఛానల్ ఉంటే అది లాభమే. బొకేలో 12 ఛానళ్లున్నాయి కదా అని కాకుండా, వాటిలో మీరు చూసేవాటి విడి ధర ఎంతో కూడి దాంతో పోల్చండి.

మీ బిల్లులో ముందు వెతకాల్సింది జంట ఛానళ్లు. ఒకే ఛానల్ ఎస్‌డీ, హెచ్‌డీ రెండూ ఒకే బొకేలో పెట్టడానికి నిబంధనలు ఒప్పుకోవు. కానీ ఎస్‌డీ ప్యాక్ ఉన్నవాళ్లు పైన హెచ్‌డీ ఛానళ్లు తగిలించుకుంటే రెండూ ఖాతాలో ఉండిపోతాయి, రెండింటికీ డబ్బు పోతుంది. ఇంకా విచిత్రం, అలాంటి ఇళ్లలో చాలామంది అలవాటు కొద్దీ పాత ఛానల్ నంబరే నొక్కుతారు. హెచ్‌డీకి డబ్బు కట్టి ఎస్‌డీ చూస్తుంటారన్నమాట. హెచ్‌డీ వేసుకున్న రోజే ఎస్‌డీవి తీసేయండి, కొత్త నంబర్లను రిమోట్‌లో ఫేవరెట్లుగా పెట్టుకోండి.

అత్తగారి టీవీకి హెచ్‌డీ ఎందుకు వద్దన్నానంటే, పాత 32 అంగుళాల టీవీకి వెనక హెచ్‌డీఎంఐ పోర్టు లేకుండా ఎరుపు, తెలుపు, పసుపు పిన్నులే ఉంటే హెచ్‌డీ బాక్సు పెట్టినా వచ్చేది ఎస్‌డీ బొమ్మే. పోర్టు ఉన్నా, మంచం మీంచి ఎనిమిది తొమ్మిది అడుగుల దూరంలో ఆ సైజు తెర మీద తేడా పెద్దగా తెలియదు. ఆవిడ ఏదైనా తేడా గమనిస్తే అది బొమ్మలో కాకుండా ఛానల్ నంబర్లు మారిపోవడంలో! హాల్లో 43 అంగుళాల తెర మీద మాత్రం తేడా స్పష్టంగా ఉంటుంది. ఎస్‌డీలో 576 గీతలు, హెచ్‌డీలో 1080. పెద్ద తెర మీద ఎస్‌డీ బొమ్మను సాగదీయడంతో మొహాలు అలుక్కుపోయినట్టు, క్రికెట్‌లో స్కోరు అంకెల అంచులు చెదిరినట్టు ఉంటాయి. న్యూస్‌కు హెచ్‌డీ అక్కర్లేదు, సగం తెర స్క్రోలింగులకే పోతుంది.

హాల్లో ఉన్నది హెచ్‌డీ బాక్సేనా చూడండి. కాకపోతే మార్చాలి. ఫోన్‌లో 'బాక్సు ఉచితం' అని చెప్పినా ఇన్‌స్టలేషన్, యాక్టివేషన్, పాత బాక్సు వాపసు, ఏడాది తిరక్కముందే మానేస్తే కోత, ఈ నాలుగింటికీ ఎంతో మెసేజ్‌లో పంపమనండి. మెసేజ్ రాకపోతే ఆర్డర్ ఇవ్వకండి. బాక్సు బిగించి వెళ్లేముందు హెచ్‌డీఎంఐ కేబుల్‌తోనే కలిపారో లేదో చూసి, సెట్టింగ్స్‌లో వీడియో అవుట్‌పుట్ 1080ఐ ఉండేలా పెట్టించుకోండి. 576 మీద వదిలేసి వెళ్లేవాళ్లూ ఉంటారు.

మార్పు చేసేటప్పుడు వరస తప్పితే ఇబ్బంది పడతారు. పాత ప్యాక్ తీసేయగానే దాంతోపాటు వచ్చిన ఉచిత ఛానళ్లు కూడా పోతాయి. మర్నాడు పొద్దున ఎస్వీబీసీ రాలేదని అత్తగారు అంటారు. అందుకని ముందు ఉన్న ఛానళ్ల జాబితాను స్క్రీన్‌షాట్ తీసుకోండి. ప్యాక్ తీసేసిన అదే సమయంలో ఉచిత ఛానళ్ల ప్యాక్ వేసి, ఆ తర్వాత పే ఛానళ్లు ఒక్కొక్కటిగా కలపండి. రెండు టీవీలకూ వేర్వేరు ఛానళ్లు పెట్టుకోవచ్చు, యాప్‌లో ముందు ఏ కనెక్షన్ ఎంచుకున్నారో చూసుకుని వేయండి. కొత్తగా వేసిన ఛానల్‌కు కనీస వ్యవధి ఏమైనా ఉందేమో ఆర్డర్ ఖాయం చేసే స్క్రీన్ మీద చదవండి. స్పోర్ట్స్ ఛానళ్లకు ఇది మరీ ముఖ్యం. ఐపీఎల్ ఫైనల్ అయిన మర్నాడు వాటిని తీసేయడానికి ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి, లేకపోతే దసరాకు కూడా వాటి డబ్బు కడుతూనే ఉంటారు.

ఫోన్ రీచార్జ్‌తో జియోహాట్‌స్టార్ వస్తుంటే ఆ రెండు నెలల స్పోర్ట్స్ ఖర్చు కూడా అక్కర్లేదనిపిస్తుంది. అది మొబైల్‌కే పరిమితమైన చందా అయితే టీవీలో ఆడదు, ముందు అది తేల్చుకోండి. ఓటీటీలు కలిపిన డీటీహెచ్ ప్యాక్‌లు చెబితే, మీ రీచార్జ్‌లో ఇప్పటికే వస్తున్న ఓటీటీకి మళ్లీ కడుతున్నారేమో చూడండి.

డల్లాస్ వెళ్లేముందు రీచార్జ్ ఆపేయడం ఒక్కటే చాలదు. తాత్కాలికంగా నిలిపివేయమని రెండు కనెక్షన్లకూ విడివిడిగా అభ్యర్థన పెట్టి, దాని నంబరు రాసుకోండి. తిరిగి మొదలుపెట్టడానికి ఛార్జీ ఎంతో అప్పుడే అడగండి. ఆటోపే ఉంటే బ్యాంకు యాప్‌లో మాండేట్, అంటే డబ్బు తీసుకోవడానికి మీరిచ్చిన అనుమతి రద్దు చేయండి. డీటీహెచ్ యాప్‌లో ఆపినంత మాత్రాన బ్యాంకు వైపు అది ఆగిందో లేదో చూసుకోకపోతే మీరు అక్కడ ఉండగానే డబ్బు కట్ కావచ్చు.

నెలకు 300 పైగా మిగిలే డబ్బును ఊరికే ఖాతాలో వదిలేస్తే కూరగాయల్లో కలిసిపోతుంది. పోస్టాఫీసులో అయిదేళ్ల ఆర్‌డీలో నెలకు 300 వేస్తే, 6.7 శాతం వడ్డీ లెక్కన గడువు తీరేసరికి సుమారు 21,400 చేతికొస్తుంది. అప్పటికి అత్తగారి గదిలో పాత టీవీ మార్చాల్సి వస్తుంది, ఆ ఖర్చు పెన్షన్ మీద పడదు. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలకు మించిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, కాబట్టి చిన్న టీవీకే పరిమితం కావాల్సిన అవసరం కూడా లేదు. ఆ రోజు కొనేటప్పుడు హెచ్‌డీఎంఐ పోర్టులు కనీసం రెండు ఉన్నది తీసుకోండి.

ఈ మార్పులకు వాళ్లు ఒప్పుకోకపోయినా, 'ఈ ప్యాక్‌లోంచి ఛానళ్లు తీయడం కుదరదు' అన్నా, మాటలతో వాదించకండి. ఛానళ్లను విడిగా ఎంచుకునే హక్కు చందాదారుకు ఉంది. కస్టమర్ కేర్‌కు ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు (ఫిర్యాదు నంబరు) తీసుకోండి. అక్కడ తేలకపోతే ఆ సంస్థలో పై స్థాయిలో ఫిర్యాదులు చూసే నోడల్ ఆఫీసర్‌కు అదే నంబరుతో ఈమెయిల్ పంపండి. ఆ వివరాలు సంస్థ వెబ్‌సైట్‌లోనూ, టీవీలో 999 నంబరు ఛానల్‌లోనూ ఉంటాయి.