మా ఆయన జబ్బుకు మా పాపమే కారణమా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం. జీడితోటల్లో కూలి పని చేసుకునే నా భర్తకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్ జరుగుతోంది. ఆయన ఆదివారం ఆరాధన మానే మనిషి కాదు. అయినా "ఇంట్లో ఏదో దాచిన పాపం ఉంది, ఒప్పుకుంటే స్వస్థత వస్తుంది" అని సంఘంలో కొందరు అంటున్నారు. డయాలసిస్ ఆపి ఉపవాస ప్రార్థనలో కూర్చోబెట్టమని ఒకరు చెప్పారు. ఇంటర్ చదివే మా అమ్మాయి "నాన్న కోసం ఇంతమంది ప్రార్థిస్తే దేవుడు వినడా?" అని అడిగి చర్చికి రావడం మానేసింది. నమ్ముకున్న మాకు దేవుడు ఈ కష్టం ఎందుకు రానిచ్చాడు?

జవాబు: అమ్మా, మీ ప్రశ్నకు వెళ్లేముందు ఒక మాట గట్టిగా చెప్పాలి. డయాలసిస్‌ను ఒక్కసారి కూడా మాన్పించవద్దు. కిడ్నీలు పనిచేయనప్పుడు ఒంట్లో నీరూ పొటాషియమూ పేరుకుపోయి, కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. ఉపవాసం విడిచేటప్పుడు మీ ప్రాంతంలో అలవాటుగా ఇచ్చే కొబ్బరినీళ్లలో కూడా పొటాషియం ఎక్కువే కాబట్టి, డాక్టరు ఒప్పుకోనిదే అవీ ఇవ్వకండి. అపొస్తలుడైన పౌలు తనతో ఉన్న లూకాను ప్రియమైన వైద్యుడని పిలిచాడు. వైద్యుని చేతికి మనిషిని అప్పగించడం అవిశ్వాసమని ఆయన ఎక్కడా అనలేదు.

ఇక పాపం సంగతి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు మీ ఇంటితో మొదలైనది కాదు. కవిటి, సోంపేట, కంచిలి, పలాస మండలాల్లో ఎన్నో కుటుంబాలు, ఏ మతం వారైనా, దీని బారిన పడ్డాయి. షుగరు, బీపీ లేనివారికి కూడా ఇది ఎందుకు వస్తోందో ఏళ్ల తరబడి పరిశోధించినా వైద్యులు తేల్చి చెప్పలేకపోతున్నారు. వైద్యులకు అంతుచిక్కని కారణం మీ పక్కింటివారికి తెలిసిపోయిందంటే నేను నమ్మను. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయినప్పుడు, వారు యెరూషలేములోని మిగతా అందరికంటే పాపులని అనుకుంటున్నారా అని యేసు అడిగి, కాదని తానే జవాబిచ్చాడు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి పాపం వీడిదా, వీడి కన్నవారిదా అని శిష్యులు అడిగినప్పుడూ ఆయన ఇద్దరి పాపమూ కారణం కాదన్నాడు. తప్పు చేసినవాడు దాని ఫలం అనుభవించడం బైబిలులో ఉన్నది నిజమే. అయితే ఒకరి జబ్బును చూసి వారి పాపాన్ని లెక్కగట్టే అధికారం మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

ఏ తప్పూ చేయకుండానే ఆస్తినీ, పిల్లలనూ, ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబు గ్రంథాన్ని ఈసారి అతని స్నేహితుల వైపు నుంచి చదవండి. ఎలీఫజు, బిల్దదు, జోఫరు వచ్చి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మాట్లాడకుండా యోబుతో నేలమీద కూర్చున్నారు. వారు చేసిన మంచిపని అదొక్కటే. నోరు తెరిచాక దేవుని న్యాయం గురించీ, పాపానికి శిక్ష గురించీ విడిగా చూస్తే తప్పుపట్టలేని మాటలెన్నో చెప్పారు, కానీ వాటిని తీసుకెళ్లి పుండ్లతో బూడిదలో కూర్చున్న మనిషి మీద రాళ్లలా వేశారు. చివరకు దేవుడు కోపించింది ఆ ముగ్గురి మీదే. తన పుట్టిన దినాన్ని శపించి, దేవుణ్ణే నిలదీసిన యోబును ఆయన "నా సేవకుడు" అన్నాడు, ఆ స్నేహితుల కోసం అతనిచేతనే ప్రార్థన చేయించాడు. అయినా "ఎందుకు" అన్నదానికి యోబుకు కారణం చెప్పలేదు. యోబును పరీక్షించడానికి సాతాను పరలోకంలో దేవుని అనుమతి పొందాడని మొదటి అధ్యాయం చదివే మనకు తెలుసు, అతనికి మాత్రం తెలియదు. మీ కష్టానికి కారణం నేను చెప్పలేకపోవడానికీ ఇదే కారణం. శ్రమ ఓర్పును పుట్టిస్తుందని పౌలు రాశాడు, కానీ అది శ్రమ పడుతున్నవాడు తన గురించి చెప్పుకోవలసిన సాక్ష్యం. ఆ మాట పక్కవారు అప్పగించే పాఠం కాకూడదు.

మీ అమ్మాయి ప్రశ్న అవిశ్వాసం కాదు, గద్దించవద్దు. అపొస్తలుల కార్యములు పన్నెండో అధ్యాయాన్ని ఆమెతో కలిసి చదవండి. హేరోదు రాజు యేసు శిష్యుల్లో యాకోబును కత్తితో చంపించాడు, పేతురును చెరసాలలో వేయించాడు. పేతురు కోసం సంఘం ప్రార్థించగా దేవదూత వచ్చి విడిపించాడు. యాకోబు కూడా యేసుకు అత్యంత సన్నిహితులైన ముగ్గురిలో ఒకడే, అతని విశ్వాసం చాలలేదని ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు. స్వస్థత పొందినవారి సాక్ష్యాలు మాత్రమే వినిపించే కూడికల్లో పెరిగిన పిల్లకు ఈ సంగతి తెలియడం అవసరం. ఎనభై ఎనిమిదో కీర్తన చీకటిలోనే ముగుస్తుందనీ, సిలువ మీద యేసే "నన్నెందుకు చెయ్యి విడిచితివి" అని అడిగాడనీ కూడా చెప్పండి. నేను దేవుణ్ణి నమ్మడం ఆయన ప్రతిసారీ కారణం చెబుతాడని కాదు. ఆ ప్రశ్న అడిగే చోటికి ఆయనే దిగి వచ్చాడు కాబట్టి. మీరూ అదే ప్రశ్నను ప్రార్థనలో పెట్టండి, ఏడుపు వస్తే ఏడవండి.

పాస్టరు గారిని విడిగా కలిసి, ఆ మాటలు మీ ఇంటిని ఎలా గాయపరుస్తున్నాయో చెప్పండి. సహాయం కూడా ఫలానాదని అడగండి: వారంలో ఒకరోజు డయాలసిస్ మంచం పక్కన ఆ నాలుగు గంటలూ మీకు బదులు కూర్చునే మనిషి కావాలనీ, అమ్మాయి కాలేజీ ఫీజుకు ఆసరా కావాలనీ చెప్పండి. ఇంటికి వచ్చి మళ్లీ పాపం మాట ఎత్తేవారితో "ప్రార్థన చేసి వెళ్లండి, కారణం చెప్పవద్దు" అనండి. ఆ మాట అనడానికి మీరు జంకనవసరం లేదు.