బోటు డ్రైవ్‌లో నీళ్ళు, తిప్పితే గుర్రుమనే సౌండ్: బేరింగ్ ఒక్కటే మారిస్తే సరిపోతుందా?

సరిపోదండి. నేను అలాగే బేరింగ్ ఒక్కటే మార్చి రెండు నెలల్లో మళ్ళీ అదే పని మొదట్నుంచి చేసినవాణ్ణి, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

మీరు రాసిందాన్ని బట్టి మీది సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత బోటు, వెనక మెర్‌క్రూజర్ ఆల్ఫా వన్ డ్రైవ్ (ప్రొపెల్లర్ ఉండే వెనక భాగం), లేక్‌లో ఓ పూట తిప్పి ట్రైలర్ ఎక్కించాక ప్లగ్ తీస్తే బకెట్టు నీళ్ళు వస్తున్నాయి, స్టీరింగ్ ఒక పక్కకి పూర్తిగా తిప్పితే వెనకనుంచి సౌండ్, షాపు వాళ్ళేమో గింబల్ బేరింగ్ మారిస్తే చాలంటున్నారు. నాదీ అచ్చం ఇదే కథ. మేము అట్లాంటా పైన కమ్మింగ్‌లో ఉంటాం, లేక్ లానియర్ ఇంటికి ఇరవై నిమిషాలు, ఈ ఏరియాలో మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు తెలిసిందేగా, ప్రతి ఎండాకాలం ఎవడో ఒకడి బోటు ఎక్కి ఎక్కి సిగ్గేసి చివరికి నేనే ఓ పాత 19 అడుగుల బోటు కొన్నా. 4.3 వీ6 ఇంజిన్, ఆల్ఫా వన్ జెన్ 2 డ్రైవ్.

ముందు లోపల ఏముందో చెప్తా, అది అర్థమైతే మిగతాదంతా తేలిక. ఇంజిన్ బోటు లోపల ఉంటుంది, డ్రైవ్ బయట నీళ్ళలో వేలాడుతుంది, రెండింటికీ మధ్య బోటు వెనక గోడకి పెద్ద కన్నం, అందులోంచి షాఫ్ట్ వెళ్తుంది. డ్రైవ్ పక్కలకి తిరగాలి, పైకి లేవాలి కాబట్టి షాఫ్ట్‌కి యూ-జాయింట్లు పెట్టారు. ఆ జాయింట్లకి నీళ్ళు తగలకుండా చుట్టూ ఒక రబ్బరు తిత్తి, హార్మోనియం తిత్తికి ఉన్నట్టే మడతలు మడతలుగా ఉంటుంది, దాన్నే బెల్లోస్ అంటారు. షాఫ్ట్ వెళ్ళేదానికి ఒకటి, ఎగ్జాస్ట్‌కి ఒకటి, గేర్ కేబుల్‌కి చిన్నది ఇంకోటి, మొత్తం మూడు. షాఫ్ట్ తిత్తి వెనకాలే, ఇంజిన్ వైపు ఉండేది గింబల్ బేరింగ్. అంటే తిత్తి చిరిగితే నీళ్ళు ముందు తగిలేది బేరింగ్‌కే, బేరింగ్ దాటుకుని వచ్చేది మీ బోటులోకే. మీకు వస్తున్న బకెట్టు నీళ్ళు చాలావరకు ఆ దారినే వచ్చి ఉంటాయి, లేదంటే గేర్ కేబుల్ తిత్తి నుంచి. ఎగ్జాస్ట్ తిత్తి చిరిగితే బోటు మునగదు గానీ మిగతా రెండూ నీటి మట్టానికి కింద ఉన్న కన్నాలండి, ఇది తేలేదాకా దయచేసి బోటుని నీళ్ళలో కట్టేసి ఇంటికి పోకండి.

ఆ ఏడు మా నాన్నగారు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు. మా పెదనాన్నకి కాకినాడలో చేపల బోటు ఉండేది, నాన్నకి బోటంటే ఆ బోటే. గరాజ్‌లో కుర్చీ వేసుకుని కూర్చుని "గ్లాండ్ ఎక్కడరా దీనికి?" అని అడిగారు. ఆ బోట్లలో షాఫ్ట్ తిన్నగా వెనక్కి వెళ్ళిపోతుంది, చుట్టూ గ్లాండ్ తాడు బిగిస్తారు, బొట్టు బొట్టు కారుతుంటేనే సరిగ్గా ఉన్నట్టు లెక్క. దీనికి గ్లాండ్ లేదు నాన్నా, రబ్బరే అని చూపిస్తే "రబ్బరు మీద నమ్మకం పెట్టుకుని నీళ్ళలోకి దిగుతున్నార్రా మీరు" అన్నారు. నవ్వేశా గానీ తర్వాత ఆ మాటే నిజమైంది.

మొదటిసారి నేను చేసిన తప్పు ఏంటంటే, డ్రైవ్ తీశాక తిత్తిని పైపైన చూసి బాగానే ఉందనుకున్నా. నల్లగా నిగనిగలాడుతోంది, ముట్టుకుంటే మెత్తగానే ఉంది. బేరింగ్ లాగి కొత్తది కొట్టి మూసేశా. రెండు నెలలకి మళ్ళీ గుర్రు. ఈసారి డ్రైవ్ వెనక్కి జరుపుతుంటేనే తిత్తిలోంచి రాగిజావ రంగులో తుప్పునీళ్ళు బుడుక్కున బయటికొచ్చాయి. అప్పుడు మడతల్ని రెండు బొటనవేళ్ళతో విడదీసి టార్చ్ వేసి చూస్తే మడత లోతుల్లో, అడుగు వైపు, గోటి గీతంత సన్నగా ఓ చీలిక, డ్రైవ్ కిందకి ఉన్నప్పుడు మూసుకుపోతుంది, పైకి ఎత్తినా పక్కకి తిప్పినా నోరు తెరుస్తుంది. కొత్త బేరింగ్‌ని వేలితో తిప్పితే ఇసుక పోసినట్టు గరగర. అందుకే బేరింగ్ పోయిందంటే ముందు తిత్తినే అనుమానించండి, డ్రైవ్ ఎలాగూ దించుతున్నారు కాబట్టి మూడు తిత్తులూ, బేరింగూ, ఆల్ఫాలో నీళ్ళ పంపు డ్రైవ్‌లోనే ఉంటుంది కాబట్టి దాని ఇంపెల్లరూ (నీళ్ళు తోసే రబ్బరు రెక్కల చక్రం) అన్నీ ఒకేసారి కానిచ్చేయండి. విడిభాగాల ఖర్చు కంటే దించి ఎక్కించే చాకిరీయే ఎక్కువ.

ఇంక పని. డ్రైవ్ తీసేటప్పుడూ పెట్టేటప్పుడూ గేర్ ఫార్వర్డ్‌లో ఉండాలి, ఇది ఆల్ఫాకి మాత్రమే, అదే కంపెనీ ఇంకో మోడల్ బ్రావో అయితే న్యూట్రల్. డ్రైవ్‌ని పైకెత్తి దించే ట్రిమ్ సిలిండర్ల వెనక చివరలు విప్పి, స్పీడోమీటర్ ట్యూబ్ ఊడదీసి, ఆరు నట్లు తీస్తే డ్రైవ్ వెనక్కి వస్తుంది. ఒక్కరే మొయ్యొద్దు, మా బావమరిదీ నేనూ కలిసి దించినా నడుం పట్టేసింది, ఇంజిన్ ఎత్తే క్రేన్ అద్దెకి దొరుకుతుంది, తెచ్చుకోండి. తిత్తులు మార్చాలంటే డ్రైవ్ బిగించే లోహపు చట్రం, బెల్ హౌసింగ్ కూడా ఊడాలి, దాని పక్కల రెండు పిన్నులకి స్పెషల్ టూల్ కావాలి, మామూలు అలెన్ కీతో ప్రయత్నిస్తే పిన్ను తల అరిగి కూర్చుంటారు. గేర్ కేబుల్ బోటు లోపలనుంచి విప్పి లాగాలి, ఎలా ఉందో ముందే ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి.

పాత బేరింగ్ బయటికి లాగడానికి స్లైడ్ హ్యామర్ కావాలి, కార్ల పార్ట్స్ షాపులో డిపాజిట్ కట్టించుకుని ఇస్తారు. కొత్త బేరింగ్ చుట్టూ ఒక రింగ్ ఉంటుంది, ఆ రింగ్‌కి చిన్న గ్యాప్. గ్రీజు పెట్టే రకం అయితే ఆ గ్యాప్ బేరింగ్ గ్రీజు కన్నం మీదకి, ఆ కన్నం హౌసింగ్‌కి బయట కుడిపక్క ఉండే గ్రీజు నిపుల్ దారి వైపుకి రావాలి. అది చూడకుండా కొట్టేస్తే తర్వాత మీరు ఎంత గ్రీజు గన్ను నొక్కినా లోపలికి చుక్క పోదు. సీల్డ్ రకం అయితే ఈ గొడవ లేదు.

తిత్తి కూర్చునే చోట పాత గమ్ అంతా గీకి శుభ్రంగా తుడిచి, బెల్లోస్ గమ్ రాసి ఓ పది నిమిషాలు ఆరనిచ్చి అప్పుడు ఎక్కించండి, తడిమీద ఎక్కిస్తే జారిపోతుంది. క్లాంప్ కింద ఒక బుల్లి లోహపు క్లిప్ ఉంటుంది, ఇదేదో పనికిరానిదని పారేస్తారు చాలామంది, అది కరెంట్ కలపడానికి పెట్టింది, లేకపోతే తుప్పు తొందరగా తింటుంది. క్లాంప్ స్క్రూ తల మీ స్క్రూడ్రైవర్ అందే వైపు ఉందో లేదో బిగించే ముందు చూసుకోండి. నేను చూసుకోలేదు, ఓ గంట బూతులు తిట్టుకున్నా.

ఎగ్జాస్ట్ తిత్తి మాత్రం పరమ చిరాకు పని, దాని జోలికి పోకుండా కొంతమంది బదులుగా ట్యూబ్ పెట్టేస్తారు, కొంచెం సౌండ్ ఎక్కువ తప్ప నడుస్తుంది. నేను తిత్తే పెట్టా.

డ్రైవ్ ఎక్కించే ముందు ఎలైన్‌మెంట్, అంటే బేరింగూ ఇంజినూ ఒకే వరసలో ఉన్నాయో లేదో చూసే బార్ తప్పనిసరి. పొడుగాటి ఇనప కడ్డీ, బేరింగ్‌లోంచి దూర్చి ఇంజిన్ కప్లర్ (షాఫ్ట్ కొన దూరే పళ్ళ భాగం) దాకా పంపిస్తే రెండు వేళ్ళతో తోసినా జారాలి. కొనకి గ్రీజు రాసి తోసి బయటికి తీయండి, గ్రీజు మీద గాట్లు చుట్టూ సమానంగా పడాలి, ఒక పక్కే లోతుగా పడితే ఇంజిన్ ముందు మౌంట్ నట్లు తిప్పి ఎత్తడమో దించడమో చెయ్యాలి. నాకు రెండోసారి అది పావు చుట్టు తిప్పితే కుదిరింది. ఎలైన్‌మెంట్ తప్పితే తిత్తి ఎంత బాగున్నా బేరింగ్ మళ్ళీ పోతుంది, కప్లర్ పళ్ళు కూడా అరిగిపోతాయి, ఆ కప్లర్ మార్చాలంటే ఇంజిన్ కదపాలి, అది వేరే నరకం. ఆఖర్న షాఫ్ట్ మీద ఓ-రింగులు కొత్తవి వేసి, స్ప్లైన్లకి (షాఫ్ట్ కొన మీద పళ్ళకి) గ్రీజు పట్టించి, ఆరు నట్లూ 50 పౌండ్-ఫుట్ టార్క్‌కి బిగించండి.

టెస్ట్ ఇలా చెయ్యండి: ర్యాంప్ దగ్గర బోటుని ట్రైలర్ పట్టీలు విప్పకుండానే నీళ్ళలోకి దించి, ఇంజిన్ మూత తీసి, అడుగు పొడిగా తుడిచి, పావుగంట టార్చ్ వేసుకుని చూస్తూ కూర్చోండి. డ్రైవ్ కుడికీ ఎడమకీ తిప్పి మళ్ళీ చూడండి. నాన్నగారు నాతోపాటు కూర్చుని టిష్యూ పేపర్ పెట్టి పెట్టి తీసి చూశారు, పొడిగా ఉంది, "బొట్టు కూడా కారట్లేదేంట్రా, అనుమానంగా ఉంది" అన్నారు.

ఇంటికొచ్చాక డ్రైవ్ పైకెత్తి పార్క్ చెయ్యకండి, రబ్బరు ఆ మడతలోనే గట్టిపడి అక్కడే చిట్లుతుంది, కిందకి దించే ఉంచాలి. ఒకవేళ షాపుకే ఇద్దామనుకుంటే తప్పేం లేదు, కానీ వాళ్ళిచ్చిన క్వోట్ ఓసారి తీసి అందులో ఎలైన్‌మెంట్ అనే లైన్ ఉందో లేదో చూసి ఇక్కడ పెట్టండి.