రక్షకుడైన, రక్షకుడునైన: మధ్యలో ఒక్క ‘ను’

సందేహం: మాది చెన్నై, పెరంబూరు. తీతు పత్రిక 2:13లో ‘మహా దేవుడును మన రక్షకుడునైన యేసుక్రీస్తు’ అని ఉంది కదా, ఇక్కడున్నది ఒకరా, ఇద్దరా? యేసును దేవుడని ఒప్పుకోని స్నేహితుడొకాయన ‘ను రెండుసార్లు వచ్చింది కాబట్టి దేవుడు వేరు, రక్షకుడు వేరు’ అంటున్నారు. పైగా 2 పేతురు 1:1 తీసి చూపించారు, అక్కడ నిజంగానే ఇద్దరిలా ఉంది. మా ఆవిడ చదివే తమిళ బైబిల్లో మాత్రం రెండుచోట్లా ఒకరే. టెన్షన్‌గా ఉందండీ, కాస్త తేల్చి చెప్పండి.

సమాధానం: తీతులో ఉన్నది ఒక్కరే. మీ స్నేహితుడు ‘ను’లు లెక్కపెట్టడం వరకు బాగానే పెట్టారు గానీ రెండో ‘ను’ను అంటుకుని ఉన్న ‘ఐన’ను వదిలేశారు. ‘అన్నయు తమ్ముడును వచ్చిరి’ అంటే ఇద్దరు. ‘కవియు రాజునైన కృష్ణదేవరాయలు’ అంటే ఇద్దరు రారు కదా. మనం రోజూ అనేదీ ఇదే. ‘మా ఇంటి ఓనరూ, అసోసియేషన్ సెక్రటరీ కూడా అయిన పెద్దాయన’ అన్నామనుకోండి, అద్దె పెంచేదీ ఆయనే, ఎండాకాలం నీళ్ల ట్యాంకర్‌కి ఫోన్ చేసేదీ ఆయనే.

అసలు కిటుకు సంధిలో దాక్కుంది. రక్షకుడు, ఐన కలిస్తే ‘రక్షకుడైన’. రక్షకుడును, ఐన కలిస్తే ‘రక్షకుడునైన’. గబగబా చదివేస్తే రెండూ ఒకటే అనిపిస్తాయి, కానీ మధ్యలో ఉన్న ఆ ‘ను’ వెనక్కి వెళ్లి ‘దేవుడును’ని కూడా పట్టుకొచ్చి, రెంటినీ ‘ఐన’కు కట్టి, ముందున్న యేసుక్రీస్తుకు తగిలిస్తుంది. ఇంకో గుర్తు కూడా ఉంది. ఆ వాక్యం ‘మహిమయొక్క ప్రత్యక్షత’ అని సాగుతుంది. ఆ మహిమ ఇద్దరిదే అయితే తెలుగులో ‘దేవుడు’ అలాగే ఉండిపోడు, ‘దేవుని’ అయి తీరాలి: ‘మహా దేవునియొక్కయు, మన రక్షకుడైన యేసుక్రీస్తుయొక్కయు మహిమ’ అని.

పేతురులో జరిగింది సరిగ్గా ఇదే. ‘మన దేవునియొక్కయు రక్షకుడైన యేసుక్రీస్తుయొక్కయు నీతినిబట్టి’ అని ఉంది. ‘రక్షకుడైన’, ‘ను’ లేదు చూడండి. కాబట్టి ఈ తెలుగు వాక్యం ఇద్దరినే చెబుతోంది, మీ స్నేహితుడు ఇక్కడ తప్పేం చదవలేదు. కానీ అదే వచనం మొదట్లో ‘యేసుక్రీస్తు దాసుడును అపొస్తలుడునైన సీమోను పేతురు’ అని ఉందని ఆయనకు చూపించండి. ఆయన లెక్క ప్రకారం ఉత్తరం రాసింది ఇద్దరు పేతుర్లు కావాలి!

మరి రెండుచోట్లా తేడా ఎందుకు? మూలమైన గ్రీకులో తేడా లేదు, అనువాదంలో వచ్చింది. గ్రీకులో నామవాచకానికి ముందు ఆర్టికల్ (ఇంగ్లీషు ‘the’ లాంటిది) వస్తుంది. వ్యక్తుల్ని చెప్పే రెండు ఏకవచన పదాల్ని (పేర్లు కాకూడదు) ‘కై’ (అంటే ‘మరియు’) అనే సముచ్చయంతో కలిపి, ఆర్టికల్ మొదటిదానికే పెడితే, రెండూ ఒకే వ్యక్తికి చెందుతాయి. 1798లో దీన్ని పుస్తకంగా రాసి నిలబెట్టినవాడు గ్రాన్‌విల్ షార్ప్, బానిస వ్యాపారం మీద పోరాడిన ఇంగ్లీషాయన, ఆయనకు ఈ పిచ్చి కూడా ఉండేది. తీతు 2:13, 2 పేతురు 1:1 రెండూ ఆ అచ్చులోవే. దీన్ని ఒప్పుకోని పండితులూ ఉన్నారు. కానీ అదే పేతురు పత్రికలో 1:11 చూడండి, మూలంలో ‘దేవుడు’ బదులు ‘ప్రభువు’ అన్నమాటే తప్ప కట్టు అంతా అదే, అక్కడ మన తెలుగువాళ్లు శుభ్రంగా ‘మన ప్రభువును రక్షకుడునైన యేసుక్రీస్తు’ అని ఒక్కరినే చేశారు. పది వచనాల ముందు ఎందుకు విడదీసినట్టు? నా లెక్కలో అది నిలకడ లేని అనువాదం. మీ ఆవిడ చదివే తమిళం ఇక్కడ మనకన్నా నయం. తీతులో ‘మహా దేవనుం నమదు ఇరట్చగరుమాగియ’, పేతురులో ‘దేవనుం ఇరట్చగరుమాయిరుక్కిఱ’. మన ‘ను... నైన’కు వాళ్ల ‘ఉం... ఉమాగియ’ అచ్చంగా జోడీ.

ఒక జాగ్రత్త. ‘రక్షకుడు’ అన్న మాట ఒక్కటే పట్టుకుని దైవత్వం తేల్చేయకండి. న్యాయాధిపతులు 3:9లో ఒత్నీయేలు కూడా రక్షకుడే, ఈజిప్టునేలిన మొదటి టాలెమీ రాజు బిరుదు కూడా ‘సోతేర్’, అంటే రక్షకుడే. బరువంతా యెషయా 43:11లో దేవుడు అన్న మాటలో ఉంది: ‘నేను తప్ప వేరొక రక్షకుడు లేడు’. అంత గట్టి మాట చదువుకుంటూ పెరిగిన పౌలు పేరుతో ఉన్న ఆ చిన్న తీతు పత్రికలో ‘మన రక్షకుడు’ ఆరుసార్లు వస్తుంది. 1:3లో దేవుడికి, 1:4లో క్రీస్తుకి, 2:10లో దేవుడికి, 2:13లో క్రీస్తుకి, 3:4లో దేవుడికి, 3:6లో క్రీస్తుకి. నన్నడిగితే ‘ను’ గొడవకన్నా ఇది మీకు గట్టి ఆధారం.

చర్చిలో పైకి చదివేటప్పుడు మాత్రం ‘మహా దేవుడును’ దగ్గర ఊపిరి తీసుకోకండి. ‘యేసుక్రీస్తు’ దాకా ఒక్క పట్టున చదివేయండి.