స్టెంట్ వేశాక మా అమ్మకి ఏం జరిగిందంటే

మీ నాన్నగారికి మెదడు రక్తనాళంలో బుడగ ఉంది, పగలకముందే స్టెంట్ వేద్దామంటున్నారు, తర్వాత ఏమేం ఇబ్బందులొస్తాయని అడిగారు కదండీ. నేను డాక్టర్ని కాదు. మా అమ్మకి రెండేళ్ల కిందట ఎడమ కరోటిడ్‌లో (మెడలోంచి మెదడుకి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం), కంటి వెనక భాగాన, ఫ్లో డైవర్టర్ స్టెంట్ వేశారు, అంటే బుడగలోకి రక్తం ఎక్కువ వెళ్లకుండా మళ్లించేది. ఆ అనుభవం చెప్తాను.

ఆపరేషన్ రోజు గురించి మేం పడ్డ భయమంతా దండగ. గజ్జల్లోంచి సన్నటి గొట్టం పంపి వేశారు, మూడో రోజు ఇంటికొచ్చేశాం. తొడంతా నేరేడుపండు రంగులో కమిలి మోకాలి దాకా దిగితే హడలిపోయాం గానీ, దానంతటదే పోయింది. (అక్కడ గట్టిగా ఉబ్బినా, నడుంనొప్పితో కళ్లు తిరిగినా మాత్రం ఆగకుండా రమ్మన్నారు. లోపల రక్తం కారుతుండొచ్చట.) కంటి వెనక నొప్పి రెండు వారాలుంది.

అసలు కథంతా మాత్రలదండీ. స్టెంట్ అంటే లోహపు జల్లెడ. దాని మీద రక్తనాళపు పొర పెరిగేదాకా లోపల రక్తం గడ్డకట్టొచ్చు. అందుకే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ ముందునుంచే మొదలుపెడతారు. అమ్మకి ప్లేట్‌లెట్ పరీక్ష (రక్తం గడ్డకట్టించే కణాల మీద మందు పనిచేస్తోందా అని చూసేది) చేస్తే క్లోపిడోగ్రెల్ పనిచేయట్లేదని తేలింది. ఆ మందుని కాలేయం మార్చుకోవాలట, ఆ పని చేసే ఎంజైమ్ మనవాళ్లలో చాలామందికి మందకొడి. టికాగ్రెలార్‌కి మార్చారు. రోజుకి రెండుపూటలా వేసుకోవాలి. మెట్లెక్కుతూ మధ్యలో ఆగి ఆయాసపడేది, గుండెకేమైందోనని కంగారుపడ్డాం. అది ఆ మాత్ర గుణమేనట.

మూడో నెలలో పన్ను నొప్పి. వీధి చివర పంటి డాక్టర్ "రక్తం పలచబడే మాత్రలు ఐదు రోజులు ఆపి రండి, పీకేద్దాం" అన్నాడట. మాకెవరికీ చెప్పకుండా రెండూ ఆపేసింది. నాలుగో రోజు సాయంత్రం మల్లెపూలు కడుతూ "దారం ముడి పడట్లేదేంట్రా, వేళ్లు మాట వినట్లేదు" అంది. మాట కూడా కాస్త ముద్దగా వచ్చింది. కారులో పడేసి తీసుకెళ్లాం. స్టెంట్ లోపల గడ్డ. గొట్టం ద్వారా మందు ఎక్కించి కరిగించారు. వెంటనే వెళ్లాం కాబట్టి మనిషి దక్కింది, కుడి ఉంగరం వేలు మాత్రం ఇంకా మొండికేస్తుంది.

ఆ డాక్టర్ మీద నాకు కోపం ఇప్పటికీ పోలేదు. ఒక్క ఫోన్ చేసి స్టెంట్ వేసినాయన్ని అడిగితే సరిపోయేది.

ఇంకో విషయం, స్టెంట్ పడిన రోజే బుడగ మూసుకుపోదు, నెలలు పడుతుంది. ఆలోగా పగిలే అవకాశం తక్కువే గానీ లేకపోలేదు. ఎన్నడూ లేనంత తలనొప్పి ఒక్కసారిగా వస్తే పారాసెటమాల్ వేసి చూద్దాం అనుకోకండి. అమ్మకి ఆర్నెల్లకి చేసిన యాంజియోలో (రంగు మందు ఎక్కించి రక్తనాళాలకి తీసే ఎక్స్‌రే) బుడగ పూర్తిగా మూసుకుపోయిందని తేలింది, తర్వాత ఒక్క ఆస్పిరినే ఉంచారు.

మీ నాన్నగారికి అల్సర్ ఉన్నా, ఈమధ్య మలం నల్లగా వచ్చినా, త్వరలో వేరే ఆపరేషన్ ఏదైనా ఉన్నా ఇప్పుడే డాక్టర్‌కి చెప్పండి. రెండు మాత్రలూ నెలల తరబడి వాడలేని మనిషైతే క్లిప్పింగ్ (పుర్రె తెరిచి బుడగ మెడకి బయటినుంచి క్లిప్పు పెట్టడం) కుదురుతుందేమో అడగండి. గ్యాస్ మాత్ర వాడుతున్నారా? క్లోపిడోగ్రెల్ ఇస్తే ఒమెప్రజోల్ దాని పనిని తగ్గిస్తుంది, మాకు పాంటోప్రజోల్ రాశారు. మోకాళ్లనొప్పులకి సొంతంగా డైక్లోఫినాక్ మింగే అలవాటుంటే అదీ మాన్పించండి.